ఇళ్లలో ఎంత చెత్త పోగవుతుందో ముందుగా అంచనా వేయడం ఎలా?

చెత్త బండ్లు ఎన్ని కావాలి, ఎరువు తయారీ కేంద్రం ఎంత పెద్దదై ఉండాలి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే, ఒక మనిషి వల్ల ఇంట్లో రోజుకు ఎన్ని కిలోల చెత్త వస్తుందో తెలియాలి. ఈ అంకెను ఎక్కడి నుంచో అరువు తెచ్చుకుంటే లెక్క తప్పుతుంది. ప్రపంచ బ్యాంకు 2018 నివేదిక ప్రకారం 2016లో ప్రపంచ సగటు తలకు రోజుకు 0.74 కిలోలు, కానీ దేశాన్ని బట్టి అది 0.11 నుంచి 4.54 కిలోల వరకు మారుతుంది, పైగా అందులో దుకాణాల, కార్యాలయాల చెత్త కూడా కలిసి ఉంది. అందుకే స్వయంగా తూచుకోవాలి.

1. హద్దులు గీసుకోండి. తోటలో కత్తిరించిన కొమ్మలు, ఇంటి మరమ్మతు శిథిలాలు లెక్కలోకి వస్తాయో రావో ముందే రాసి పెట్టుకోవాలి. పాత సామాన్లవాళ్లకు అమ్మేసిన కాగితాలు, సీసాలు సంచిలోకి రావు కాబట్టి వాటిని విడిగా అడిగి నమోదు చేయాలి.

2. ఇళ్లను ఎంచుకోండి. ప్రాంతాన్ని ఆదాయం, ఇంటి రకం బట్టి విభజించి, ప్రతి వర్గంలోనూ చీటీలు తీసినట్టు ఇళ్లను ఎంచుకోవాలి. ఎన్ని ఇళ్లు చాలన్నది ఇంటింటికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. తలసరి చెత్త ప్రామాణిక విచలనం (ఇళ్ల అంకెలు సగటు నుంచి మామూలుగా ఎంత దూరంగా ఉంటాయో చెప్పే కొలత) 0.2 కిలోలనుకుని, సగటు 0.05 కిలోలకు మించి అటూ ఇటూ కాకూడదని 95 శాతం నమ్మకంతో కోరుకుంటే, 95 శాతం నమ్మకానికి వాడే 1.96 అన్న అంకెను 0.2తో గుణించి, 0.05తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ దానితోనే గుణించాలి; సుమారు 62 ఇళ్లు అవసరమవుతాయి.

3. తూచండి. అంచనా నిలిచేదీ కూలేదీ ఇక్కడే. ప్రతి ఇంటికీ నంబరు వేసిన సంచులిచ్చి, వరుసగా 8 రోజులు ఒకే వేళకు సేకరించాలి. మొదటి రోజు సంచిలో అంతకుముందు పేరుకున్నది కూడా ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు; మిగిలిన 7 రోజుల్లో సెలవు దినాలూ పనిదినాలూ కలిసివస్తాయి. ఖాళీ సంచి బరువు తీసివేసి, తడి చెత్తను, పొడి చెత్తను వేర్వేరుగా రాయాలి. ఆ రోజు ఇంట్లో నిజంగా ఎందరున్నారో కూడా అడగాలి. సంచి అందకపోతే ఆ గడిని ఖాళీగా వదలాలి గానీ సున్నా వేయకూడదు. చెత్తే రాని రోజుకు మాత్రమే సున్నా. ఈ రెండింటినీ కలిపేస్తే సగటు చెప్పకుండా పడిపోతుంది. పండుగల్లో, కాలాలు మారినప్పుడు తూకం మారుతుంది కనుక, ఏడాదిలో కనీసం మరొకసారైనా ఇదే పని చేయడం మంచిది.

4. సూత్రం కట్టండి. తలసరి సగటును జనాభాతో గుణించి ఊరుకుంటే సరిపోదు, ఎందుకంటే కుటుంబం పెద్దదయ్యేకొద్దీ తలసరి చెత్త సాధారణంగా తగ్గుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో రోజువారీ ఇంటి చెత్తను సభ్యుల సంఖ్యతో ముడిపెట్టి సరళరేఖ గీయండి. ఉదాహరణకు, ఇంటికి 0.5 కిలోలు, మనిషికి అదనంగా 0.3 కిలోలు అని తేలిందనుకుందాం. అప్పుడు ఇద్దరున్న ఇంటి నుంచి 1.1, ఐదుగురున్న ఇంటి నుంచి 2 కిలోలు వస్తాయి. ఇద్దరి ఇంటి తలసరి రేటుతోనే ఐదుగురి ఇంటిని లెక్కిస్తే 2.75 కిలోలని తప్పు చెప్పినట్టే. ఆదాయం వంటి అంశాలను ఆ తర్వాత ఒక్కొక్కటిగా చేర్చవచ్చు.

5. పరీక్షించండి. ఐదో వంతు ఇళ్లను సూత్రం కట్టేటప్పుడు పక్కన పెట్టి, తర్వాత వాటిపై అంచనాను సరిచూడాలి. ఉత్త సగటు కన్నా తక్కువ తప్పు చేయని సూత్రం ఎంత గంభీరంగా కనిపించినా అక్కరలేదు.

6. భవిష్యత్తుకు పొడిగించండి. జనాభా పెరుగుదలతో పాటు కుటుంబాల పరిమాణాన్ని కూడా చూడాలి. పై సూత్రం ప్రకారం 10 మంది రెండు ఇళ్లలో ఐదుగురేసి ఉంటే రోజుకు 4 కిలోలు, ఐదు ఇళ్లలో ఇద్దరేసి ఉంటే 5.5 కిలోలు, అంటే ఒక్క మనిషి పెరగకుండానే బండ్ల సంఖ్య పెంచవలసి రావచ్చు. అందుకే ఫలితాన్ని ఒకే అంకెగా కాక, కుటుంబాలు ఇప్పటిలాగే ఉంటే ఎంత, చిన్నవైతే ఎంత అని రెండు అంకెలుగా ఇవ్వాలి.