చవితికి ఇంటి సౌండ్ సిస్టమ్ బయట పెడుతున్నారా? ఇవి చూసుకోండి

వినాయక చవితి వస్తోందంటే చాలా ఇళ్లలో టీవీ కింద ఉండే ఆంప్ (ఆంప్లిఫయర్), బాక్సులే మండపం దగ్గరికి వెళ్తాయి. పెట్టుకోండి, తప్పేం లేదు. కాకపోతే గదిలో గోడలకి తగిలి తిరిగొచ్చే సౌండ్ ఆరుబయట ఉండదు, అందుకని ఎంత పెట్టినా చాలనట్టే ఉంటుంది, చెయ్యి మాటిమాటికీ వాల్యూమ్ మీదికే పోతుంది. సౌండ్ పగలడం అక్కడే మొదలవుతుంది.

ఆంప్ తన పవర్ సప్లై ఇచ్చే వోల్టేజీని దాటి సిగ్నల్‌ని పెంచలేదు. అంతకంటే పెంచమంటే తరంగాల పైభాగం కోసేసినట్టు చదునైపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. చెవికి సౌండ్ రెట్టింపైనట్టు అనిపించాలంటే పవర్ దాదాపు పది రెట్లు కావాలి, అంటే 20 వాట్లు వాడుతున్న చోట 200 వాట్లు! ఇంటి ఆంప్ అంత ఎక్కడ ఇస్తుంది? పైగా క్లిప్ అయినప్పుడు పాటలో లేని హై ఫ్రీక్వెన్సీలు పుట్టుకొచ్చి ట్వీటర్ (బాక్సులో సన్నటి సౌండ్ పలికే చిన్న స్పీకర్) మీద పడతాయి, అందుకే ముందు కాలేది అదే. "బాక్సులు 100 వాట్లు, ఆంప్ 40 వాట్లే కదా, ఏం కాదులే" అనే ధీమా మాత్రం వద్దు. చిన్న ఆంప్‌ని చివరిదాకా తిప్పినా ట్వీటర్ పోతుంది. పాటలో గొంతు గరగరలాడినట్టు వినపడితే పాట అయ్యేదాకా ఆగకండి, వెంటనే తగ్గించండి.

వాల్యూమ్ బాగా తగ్గించినా పగులుతూనే ఉందా? అయితే ముందు పాటలు పెడుతున్న ఫోన్ చూడండి. ఈక్వలైజర్‌లో బాస్ మొత్తం పైకి లేపితే సిగ్నల్ ఫోన్లోనే చెడిపోతుంది, ఆ తర్వాత ఆంప్ దగ్గర ఏం చేసినా బాగుపడదు. ఈక్వలైజర్ ఆపేసి వినండి, తేడా అక్కడే తెలిసిపోతుంది.

పక్కింటి బాక్సులు కూడా తెచ్చి అదే ఆంప్‌కి కలుపుతుంటారు. ఓమ్స్ అంటే బాక్సు కరెంటుకి పెట్టే అడ్డు, అది తగ్గేకొద్దీ ఆంప్ మీద భారం పెరుగుతుంది. 8 ఓమ్స్ బాక్సులు రెండు ప్యారలల్‌లో (ప్లస్‌లు ఒకచోట, మైనస్‌లు ఒకచోట) కలిపితే ఆంప్‌కి కనపడేది 4 ఓమ్స్. ఆంప్ వెనక కనీసం ఎన్ని ఓమ్స్ ఉండాలని రాసుందో చదివాకే కలపండి, లేకపోతే వేడెక్కి ఆగిపోతుంది, కాలినా కాలుతుంది. దూరం ఎక్కువైతే సన్న వైరు వద్దు. ప్లస్, మైనస్ ఒక బాక్సుకి తిరగబడితే ఏదీ పాడవదు గానీ, బాస్ మాయమవుతుంది.

ఇక గుంయ్‌మని వచ్చే హమ్. ల్యాప్‌టాప్ ఛార్జర్‌ నుంచో కేబుల్ టీవీ వైరు నుంచో రెండు దారుల్లో ఎర్త్ కలిసినప్పుడు ఇది వస్తుంది. ఒక్కోటి పీకి చూడండి, ఏది తీస్తే ఆగిందో దొరుకుతుంది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ మీద నడపండి, లేదా ఆడియో వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ (ఆ రెండో ఎర్త్ దారిని తెంపే చిన్న పరికరం) పెట్టండి. అంతేగానీ ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. అది వానాకాలం, కింద నేల తడిగా ఉంటుంది, పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతుంటారు, ఆంప్ బాడీకి కరెంటు వచ్చిందంటే ప్రాణం పోతుంది. ప్లగ్ బోర్డు నేల మీద పెట్టకండి. వాన పడుతుందని ఆంప్‌ని ప్లాస్టిక్ కవరులో చుట్టేయకండి, గాలాడక వేడెక్కుతుంది, పైన రేకో బల్లో అడ్డం పెట్టండి. ఉరుములు దూరంగా వినపడుతున్నప్పుడే ప్లగ్గు, కేబుల్ వైరు రెండూ పీకేయండి, స్విచ్ ఆపితే సరిపోదు.