పాత మియాటా ఐడిలింగ్ నిలవట్లేదా? సెన్సర్లు కొనేముందు ఆ రబ్బరు గొట్టం విప్పి చూడండి

ఇది 1.6 లీటర్ల ఇంజిన్ ఉన్న మొదటి తరం మాజ్దా మియాటా గురించి. అమెరికాలో 1990 నుంచి 1993 మోడళ్లు, జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ పేరుతో అమ్మిన బండి. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బయటికి వచ్చింది కాబట్టి వీటిలో కొత్తదానికి కూడా ఇప్పుడు ముప్పై ఏళ్లు నిండిపోయాయి. ఇంజిన్ గట్టిది, సరిగా ఆయిల్ మారుస్తుంటే ఇంకా చాలాకాలం నడుస్తుంది. దాని చుట్టూ ఉన్న రబ్బరుకు మాత్రం వయసైపోయింది.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు చాలామంది ఈ బండిని వారాంతాల్లో తిప్పడానికి కొంటున్నారు, ఇంటి గ్యారేజీలోనే పనులు చేసుకుంటున్నారు. వాళ్ల దగ్గర్నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఐడిలింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగే వేగం) గురించే. ప్రశ్న వచ్చేసరికి కాయిల్ మార్చేసి ఉంటారు, ఆక్సిజన్ సెన్సర్ మార్చేసి ఉంటారు, సెకండ్ హ్యాండ్ ఎయిర్‌ఫ్లో మీటర్ (లోపలికి పోయే గాలిని కొలిచేది) కూడా ఆర్డర్ పెట్టేసి ఉంటారు. పైసా ఖర్చు లేకుండా చూడగలిగింది మాత్రం చూసి ఉండరు. జాకీ, స్పానర్లు, మల్టీమీటర్ వాడటం మీకు వచ్చనుకుని నేరుగా విషయంలోకి వెళ్తున్నాను.

లక్షణాలు

ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగ్ ఒకచోట నిలవదు. 850 ఆర్‌పీఎం దగ్గర ఉండాల్సిన ముల్లు పైకి లేస్తుంది, పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. సిగ్నల్ దగ్గరికి వచ్చి క్లచ్ తొక్కగానే బండి ఆగిపోతుంది. ఫస్ట్ గేర్‌లో యాక్సిలరేటర్ మెల్లగా నొక్కితే ఒక్క క్షణం ఊపిరి ఆగినట్టయి, ఆ తర్వాత అందుకుంటుంది. విచిత్రం ఏమిటంటే న్యూట్రల్‌లో నిలబెట్టి రేస్ చేస్తే శుభ్రంగా లేస్తుంది, హైవే మీద ఒకే వేగంలో వెళ్తుంటే ఏ ఇబ్బందీ ఉండదు. చెక్ ఇంజిన్ లైటు వెలగదు, కోడ్ ఏదీ రాదు.

ముదిరితే ఇంకోటి కనిపిస్తుంది: సెల్ఫ్ కొట్టినంతసేపూ ఇంజిన్ అందుకుంటుంది, తాళం చెవి వదలగానే ఆగిపోతుంది. ఈ ఒక్క లక్షణం మీ బండిలో ఉంటే కింద ఉన్న మిగతావన్నీ వదిలేసి రబ్బరు గొట్టం దగ్గరికే వెళ్లండి.

ముందు ఇవి చూడండి, దయచేసి దాటేయకండి

ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి కూలంట్ నిండుగా ఉందో లేదో చూడండి. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంటే సరిపోదు, రేడియేటర్‌లో చూడాలి. థ్రాటిల్ బాడీ (యాక్సిలరేటర్ నొక్కితే తెరుచుకునే గాలి ద్వారం) కింద ఉన్న ఐడిల్ వాల్వ్ గుండా కూలంట్ పోతుంది. ఇంజిన్ ఎంత వేడెక్కిందో ఆ వాల్వ్‌కు తెలిసేది దాని ద్వారానే. కూలంట్ తగ్గి అక్కడ గాలి చేరితే ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని అది గాలి ఎక్కువ వదులుతుంది. దానితో ఐడిలింగ్ ఎగిరిపడుతుంది.

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది కాబట్టి చాలామంది దాని జోలికే వెళ్లరు. టెర్మినళ్లు చేత్తో తిప్పి చూడండి. కదిలితే బిగించండి, తెల్లగా పొడి పట్టి ఉంటే శుభ్రం చేయండి.

ప్లగ్ వైర్లు ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే మార్చేయండి. ఈ బండిలో వైర్లు త్వరగా పాడవుతాయి, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. ప్లగ్ గ్యాప్ 1.1 మి.మీ. ఉండాలి.

ఇప్పుడు అందరూ దాటేసేది: బేస్ టైమింగ్ (ప్లగ్ నిప్పురవ్వ వేసే అసలు సమయం), బేస్ ఐడిల్ (కంప్యూటర్ సర్దుబాటు లేని ఐడిల్). ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపండి. అమెరికా బండిలో బానెట్ కింద డ్రైవర్ వైపు డయాగ్నోసిస్ అని రాసిన చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. దాని మూత లోపలివైపు పిన్నుల పేర్లుంటాయి. టీఈఎన్, జీఎన్‌డీ అనే రెండు పిన్నులను చిన్న వైరు ముక్కతో కలపండి. ఆ డబ్బాలోనే బ్యాటరీ కరెంటు వచ్చే పిన్ను కూడా ఉంది కాబట్టి పేరు రెండోసారి చదువుకుని మరీ వైరు పెట్టండి. ఏసీ, లైట్లు, బ్లోయర్ అన్నీ ఆపి ఇంజిన్ స్టార్ట్ చేయండి. టైమింగ్ లైటు వేస్తే 10 డిగ్రీలు చూపించాలి, ఐడిల్ 850 దగ్గర ఉండాలి. టైమింగ్ తప్పితే సిలిండర్ హెడ్ వెనక ఉన్న క్యామ్ యాంగిల్ సెన్సర్ బోల్టు వదులు చేసి, సెన్సర్‌ను కొద్దికొద్దిగా తిప్పి సరిచేయాలి. ఐడిల్ తప్పితే థ్రాటిల్ బాడీ మీద చిన్న మూత కింద ఉన్న స్క్రూ తిప్పాలి. పని అయ్యాక వైరు ముక్క తీసేయడం మరిచిపోవద్దు.

ఆ వైరు పెట్టకుండా స్క్రూ తిప్పితే ఏమవుతుందంటే, మీరు ఒకవైపు తగ్గిస్తుంటే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంకోవైపు పెంచుతుంది. రోజంతా తిప్పినా తెగదు. వైరు పెడితే ఈసీయూ పక్కకు తప్పుకుంటుంది, అప్పుడు కనిపించేదే నిజమైన ఐడిల్.

వైరు పెట్టాక కూడా ఐడిల్ నిలవకపోతే, లేదా స్క్రూ ఎంత బిగించినా తేడా రాకపోతే, లెక్కలోకి రాని గాలి ఎక్కడి నుంచో లోపలికి పోతోంది.

అసలు దొంగ: మడతల గొట్టం

అమెరికా బండిలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా డ్రైవర్ వైపు ఉంటుంది, థ్రాటిల్ బాడీ అవతలి వైపు. ఫిల్టర్ దాటగానే ఎయిర్‌ఫ్లో మీటర్, దానికి ఆనుకుని హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ఉన్న నల్ల రబ్బరు గొట్టం, అక్కడి నుంచి ఇంజిన్ ముందుగా అడ్డంగా వెళ్లే క్రాసోవర్ పైపు. ఆ మడతల్లో పగులు వస్తుంది. దాదాపు ఎప్పుడూ అడుగువైపే వస్తుంది, పైనుంచి చూస్తే గొట్టం కొత్తదానిలా ఉంటుంది.

1.6 ఇంజిన్‌లో ఎయిర్‌ఫ్లో మీటర్ లోపల ఒక రేకు తలుపు ఉంటుంది. గాలి దాన్ని తోసుకుంటూ పోతుంది, అది ఎంత తెరుచుకుందో చూసి ఈసీయూ పెట్రోల్ కొలిచి పంపుతుంది. మీటర్ దాటాక పగులులోంచి లోపలికొచ్చిన గాలి ఆ తలుపును తోయలేదు. ఈసీయూ దృష్టిలో ఆ గాలి లేనట్టే. గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. ఐడిలింగ్‌లో లోపలికి పోయే గాలే కొంచెం కాబట్టి చిన్న పగులు కూడా అక్కడ పెద్ద తేడా తెస్తుంది. హైవే మీద ఒకే వేగంలో వెళ్తున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ తేడా పసిగట్టి సర్దేస్తుంది. అందుకే అక్కడ బండి బాగుంటుంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది.

సెల్ఫ్ వదలగానే ఆగిపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. పెట్రోల్ పంపు స్విచ్ ఆ మీటర్ లోపలే ఉంటుంది. తలుపు కొంచెం తెరుచుకుంటేనే పంపుకు కరెంటు వెళ్తుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మాత్రం ఆ స్విచ్‌తో పని లేకుండా పంపు తిరుగుతుంది. గొట్టం బాగా చిరిగినా, క్లాంప్ దగ్గర ఊడిపోయినా తలుపు కదలదు, చెవి వదలగానే పంపు ఆగుతుంది. ఇది తెలియక పంపు మార్చేసినవాళ్లు ఉన్నారు.

ఇక ఇది ఇంతమందికి ఎందుకు దొరకదంటే, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు పగులు మూసుకుని ఉంటుంది. ఫిల్టర్ డబ్బా బాడీకి బిగించి ఉంటుంది, క్రాసోవర్ పైపు ఇంజిన్‌తో పాటు కదులుతుంది. గేర్‌లో యాక్సిలరేటర్ నొక్కగానే ఇంజిన్ మౌంట్ల మీద ఒరుగుతుంది, మధ్యలో ఉన్న మడతలు సాగుతాయి, పగులు నోరు తెరుస్తుంది. న్యూట్రల్‌లో రేస్ చేస్తే ఆ లోడ్ ఉండదు, అందుకే గ్యారేజీలో అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. మౌంట్ల రబ్బరు కూడా నలిగిపోయి ఉంటే ఈ కదలిక ఇంకా ఎక్కువ.

రెండో కారణం, అందరూ చేసే స్ప్రే పరీక్ష ఇక్కడ పెద్దగా పనిచేయదు. కార్బ్ క్లీనర్ కొట్టి ఐడిల్ మారుతుందా అని చూస్తారు. థ్రాటిల్ దాటాక, మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే భాగం) లీకు ఉంటే అది పట్టిస్తుంది, ఎందుకంటే అక్కడ వ్యాక్యూమ్ బలంగా లాగుతుంది. థ్రాటిల్‌కు ముందున్న ఈ గొట్టంలో వ్యాక్యూమ్ దాదాపు ఉండదు. స్ప్రే కొట్టారు, ఏమీ కాలేదు, గొట్టం బాగుందని తేల్చేశారు. మోసపోయేది సరిగ్గా ఇక్కడే. ఇంకో మాట: ఏ లీకు పరీక్షకైనా బ్రేక్ క్లీనర్ మాత్రం వాడకండి. క్లోరిన్ కలిసిన రకమైతే వేడికి విషవాయువు పుడుతుంది.

సరైన పరీక్ష ఇది. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా, ఫ్యాన్‌కూ బెల్టులకూ చేతులు దూరంగా ఉంచి, క్రాసోవర్ పైపును పట్టుకుని మెల్లగా పైకి లాగండి, మీటర్ నుంచి దూరంగా జరపండి. ఇంజిన్ శబ్దం మారినా, ఆగబోయినా దొంగ దొరికినట్టే. మారకపోయినా గొట్టం విప్పండి. రెండు క్లాంపులు వదులు చేస్తే చేతికి వచ్చేస్తుంది. వెలుతురు ఉన్నచోట పట్టుకుని ఒక్కో మడతనూ రెండు బొటనవేళ్లతో విడదీసి, లోపలి గాడి చుట్టూ చూసుకుంటూ రండి. పగులు మొదట్లో సన్నని బూడిదరంగు గీతలా కనిపిస్తుంది. వంచితే గీత నల్లగా తెరుచుకుంటుంది. అడుగు భాగంలో ఇంజిన్ నూనె తడి ఉంటే అక్కడ ఇంకా జాగ్రత్తగా చూడండి.

గొట్టం విప్పినప్పుడే ఇంకో పని కూడా అయిపోతుంది. ఫిల్టర్ కూడా తీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, మీటర్ తలుపును వేలితో నెమ్మదిగా లోపలికి తోయండి. సీట్ల వెనక ట్యాంకులోంచి పంపు గుయ్‌మని వినపడాలి, వదిలితే ఆగాలి. తలుపు ఎక్కడా పట్టేయకుండా కదలాలి, తనంతట తాను వెనక్కి రావాలి. అలా వస్తే మీ మీటర్ బాగుంది, ఆ ఆర్డర్ క్యాన్సిల్ చేసుకోండి.

పరిష్కారం కొత్త గొట్టమే. దొరికేవరకు గొట్టాన్ని బాగా శుభ్రం చేసి, ఆరాక, తనకు తానే అంటుకునే సిలికాన్ టేపును సాగదీస్తూ మడతల చుట్టూ చుడితే కొన్నాళ్లు నడుస్తుంది. మామూలు ఎలక్ట్రికల్ టేపు ఇంజిన్ వేడికి జారిపోతుంది. కొత్తది బిగించేటప్పుడు రెండు అంచులూ పూర్తిగా కూర్చున్నాయో లేదో వేలితో చుట్టూ తడిమి చూడండి. క్లాంపులు రబ్బరు కోసుకుపోయేంత బిగించొద్దు.

అప్‌గ్రేడ్ పేరుతో అసలు ఫిల్టర్ డబ్బా తీసేసి మీటర్‌కు నేరుగా కోన్ ఫిల్టర్ తగిలించిన బండ్లలో ఈ పగులు ఇంకా త్వరగా వస్తుంది. ఆ డబ్బానే మీటర్‌ను మోసేది. బ్రాకెట్ లేకుండా ఫిల్టర్ తగిలిస్తే మీటర్ బరువంతా ఈ మడతల మీద వేలాడుతుంది. కోన్ ఫిల్టర్ పెట్టాలనుకుంటే మీటర్‌ను బాడీకి పట్టి ఉంచే బ్రాకెట్ తప్పనిసరి. ఇంజిన్ గదిలోని వేడి గాలి పీల్చే ఫిల్టర్‌తో వచ్చే లాభం కంటే అసలు డబ్బా బాగుంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఆయిల్ మూత, డిప్‌స్టిక్

గొట్టం బాగుంటే తర్వాత ఇవి. క్రాంక్‌కేస్‌లోని (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే భాగం) గాలి కూడా పీసీవీ అనే చిన్న వాల్వ్ ద్వారా ఇంజిన్‌లోకే వెళ్తుంది కాబట్టి ఇక్కడి లీకు కూడా లెక్కలోకి రాని గాలే. ఐడిలింగ్‌లో ఆయిల్ మూత తీయండి. ఇంజిన్ తడబడాలి. ఏ తేడా లేకపోతే ముందే ఎక్కడో లీకు ఉందని అర్థం. మూత కింది రబ్బరు ప్లాస్టిక్‌లా గట్టిపడి ఉంటుంది, డిప్‌స్టిక్ పూర్తిగా దిగి ఉండదు, క్యామ్ కవర్ నుంచి వెళ్లే సన్నగొట్టం చివర చీలి ఉంటుంది. మూడూ చవకైనవే.

ఆ తర్వాత థ్రాటిల్ అవతలి లీకులు: బ్రేక్ బూస్టర్ గొట్టం, మానిఫోల్డ్ గ్యాస్కెట్. పైన చెప్పిన స్ప్రే పరీక్ష పనికొచ్చేది వీటికి.

అరుదైనవి

థ్రాటిల్ పొజిషన్ స్విచ్ జరిగిపోతే యాక్సిలరేటర్ వదిలేసినట్టు ఈసీయూకు తెలియదు. మల్టీమీటర్‌తో తేలిపోతుంది. ఐడిల్ వాల్వ్‌లో మసి పేరుకుంటే విప్పి కడగండి. ఈసీయూ చెడిపోవడం చాలా అరుదు, దాన్ని చివరికి ఉంచండి.

1990, 1991 తొలినాటి బండ్లలో క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) ముందు భాగం పొట్టిగా ఉండే రకం ఉంది. పుల్లీలో నాలుగు గాట్లుంటే అదే, ఎనిమిది ఉంటే తర్వాతి రకం. టైమింగ్ సరిచేసినా మళ్లీ మళ్లీ జరిగిపోతుంటే, పుల్లీ తిరిగేటప్పుడు ఊగుతుంటే క్రాంక్ కీ గాడి అరిగిపోయి ఉండొచ్చు. అప్పుడు బండి నడపకండి, అది ఐడిలింగ్ సమస్య కాదు, వేరే పని.

బిగించాక

డిక్కీలో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసి, బ్రేక్ పెడల్ తొక్కి పట్టుకుని ఒక 20 సెకన్లు ఆగి మళ్లీ బిగించండి. లీకుకు అలవాటుపడి ఈసీయూ చేసుకున్న సర్దుబాట్లు పోతాయి. తర్వాత టీఈఎన్, జీఎన్‌డీ కలిపి బేస్ ఐడిల్ మళ్లీ చూడండి. లీకు ఉన్నప్పుడు ఎవరో ఒకరు ఆ స్క్రూ తిప్పి ఉంటారు, ఇప్పుడు అది తప్పు చూపిస్తుంది. ఎయిర్‌ఫ్లో మీటర్ నల్ల మూత కింద ఉన్న పళ్ల చక్రాన్ని మాత్రం ముట్టుకోకండి. దాన్ని తిప్పితే అన్ని వేగాల్లోనూ పెట్రోల్ లెక్క మారిపోతుంది, ఇంట్లో తిరిగి సరిచేయడం కష్టం.

1994 నుంచి వచ్చిన 1.8 బండ్లలో రేకు తలుపు బదులు వేడి తీగ మీటర్ ఉంటుంది కాబట్టి వేలితో తోసే పంపు పరీక్ష వాటికి పనికిరాదు. గొట్టం పగిలితే ఐడిలింగ్ మాత్రం వాటిలోనూ ఇలాగే దెబ్బతింటుంది, విప్పి చూసే పద్ధతి కూడా ఇదే.