కాంటొనీస్‌లో ‘అయితే నాకేంటి?’ అనడం ఎలా

కాంటొనీస్ అనే చైనా భాష మాట్లాడే హాంకాంగ్‌లో స్నేహితుల మధ్య ‘అయితే నాకేంటి?’ అని తెగేసి చెప్పాలంటే మొదట నేర్చుకోవలసినది ‘క్వాన్ ఙో మే సీ’. ‘క్వాన్’ అంటే సంబంధించడం, ‘ఙో’ అంటే నేను, ‘మే’ అంటే ఏమిటి, ‘సీ’ అంటే విషయం. రోమన్ లిపిలో రాసే జ్యుత్‌పింగ్ పద్ధతిలో మొదటి అక్షరం ‘జి’గా కనబడుతుంది గాని, పలకవలసింది మన ‘క’కారమే. ‘వాఙ్మయం’లోని ‘ఙ’ మనకు తెలిసినదే అయినా దానితో మాట మొదలుపెట్టే అలవాటు లేదు కాబట్టి కొంత సాధన కావాలి. హాంకాంగ్‌లో చాలామంది దాన్ని వదిలేసి ‘ఓ’ అనే అంటారు.

అసలు కష్టం స్వరాల దగ్గర, అంటే మాట అర్థాన్నే మార్చేసే గొంతు ఎత్తుపల్లాల దగ్గర ఉంది. కాంటొనీస్‌లో ఉన్న 6 స్వరాల్లో ఈ ‘సీ’ది ఆరవది, గొంతును కిందనే ఉంచి, ఎత్తు మార్చకుండా సమంగా పలకాలి. ప్రశ్న అడుగుతున్నాం కదా అని మన అలవాటు కొద్దీ చివర గొంతు పైకి లాగితే అది రెండవ స్వరమై, ‘విషయం’ కాస్తా ‘మలం’ అవుతుంది. అందుచేత ఈ ఒక్క అక్షరాన్ని విడిగా పదిసార్లు పలికి చూసుకున్నాకే పూర్తి వాక్యానికి వెళ్ళడం మంచిది.

మాటకు పదును పెంచాలంటే ‘మే’ ఉన్నచోట దయ్యం అనే అర్థమున్న ‘క్వై’ని పెడతారు. అదే చోట పచ్చిబూతు పెట్టేవారూ ఉన్నారు. దాన్ని వింటే గుర్తుపట్టడం చాలు, అనవలసిన అవసరం లేదు. ‘ఙో’కు బదులు ‘నెయ్’ అంటే ‘నీకెందుకు?’ అని అర్థం మారి, మాట నేరుగా ఎదుటివారికే తగులుతుంది.

‘ఫై సీ లెయ్ నెయ్’ అంటే నిన్ను పట్టించుకోవడం దండగ అని. ఇది కోపంలో అనేది.

రోజూ ఎక్కువగా పనికివచ్చేది మాత్రం ‘సీ తాన్’. ‘ఛా ఛాన్ థెంగ్’ అనే టీ హోటల్లో కూర్చున్నాక ‘ఏం తింటావు?’ అని స్నేహితుడు అడిగితే, ‘సీ తాన్ లా’ అంటే ‘ఏదో ఒకటి చెప్పెయ్’ అని. చివరి ‘లా’ను పై స్థాయిలో పలికితే చనువు వినిపిస్తుంది, అది లేకుండా ముక్తసరిగా ‘సీ తాన్’ అని ఊరుకుంటే విసుగు ధ్వనిస్తుంది. అడిగినవారు పెద్దలైతే ఈ మాట వద్దు. ‘నాకు ఏదైనా ఫర్వాలేదు’ అనే అర్థంలో మెత్తగా ‘మొవ్ సో వై’ అనాలి.