ఐ7 అనగానే పడిపోకండి

పదేళ్లు లాగిన మా ఇంటి డెస్క్‌టాప్ పోయిన నెల మొరాయించింది. సెకండ్ హ్యాండ్‌దైనా సరే అని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్తే, ఒక షాపులో "సార్, ఐ7, రాకెట్‌లా ఉంటుంది" అని ముందు పెట్టాడు. ఐ7 అంటే ఇంటెల్ ప్రాసెసర్లలో (కంప్యూటర్‌కి మెదడులాంటి చిప్) ఒక రకం. అది ఐ7 నిజమే, కానీ స్టిక్కర్ కాదు, నంబర్ చూడాలి. అది 4770. అంటే నాలుగో తరం, 2013 నాటి సరుకు. విండోస్ 11కి ఇంటెల్‌లో మామూలుగా 8వ తరం, ఆపైన కావాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది.

నంబర్ నుంచి తరం తెలుసుకునే లెక్క తేలిక. ఐ5-8500లో నాలుగంకెలు, మొదటిది 8, అంటే 8వ తరం. ఐ5-10400లో ఐదంకెలు, కాబట్టి మొదటి రెండూ కలిపి 10వ తరం. ఇంటి పనికి పాత ఐ7 కన్నా ఇలాంటి ఐ5లే నయం.

డబ్బులిచ్చే ముందు అక్కడే ఆన్ చేయించి, టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరవండి. ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంతో, ఎన్ని స్లాట్లు వాడారో అన్నీ కనిపిస్తాయి. 8 జీబీ ఒకే స్లాట్‌లో ఉండి రెండోది ఖాళీగా ఉంటే మంచిదే, తర్వాత పెంచుకోవచ్చు. ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా వేగంగా పనిచేసే స్టోరేజ్) లేకపోతే మాత్రం ఎంత తగ్గించినా తీసుకోకండి, లేదా దాని ఖర్చు కలిపి బేరమాడండి.

ఆఫీసుల నుంచి వచ్చే డెల్ ఆప్టిప్లెక్స్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి గట్టిగానే ఉంటాయి. కాకపోతే చాలా మోడళ్లలో పవర్ సప్లై ప్రత్యేకమైన సైజు, పోతే ఏ షాపులో పడితే ఆ షాపులో దొరకదు. వారంటీలో అదీ ఉందని బిల్లు మీద రాయించుకోండి. నోటిమాట వద్దు.