ఇల్లు మారేటప్పుడు పెంపుడు జంతువులు బెదరకుండా చూసుకునే పద్ధతి

ఇల్లు మారబోతున్నామన్న సంగతి మనుషులకు ఎంతో ముందుగానే తెలుస్తుంది. ఇంట్లో ఉన్న పిల్లికో కుక్కకో మాత్రం అట్టపెట్టెలు గదుల్లోకి వచ్చిన రోజున ఏదో జరుగుతోందన్న అనుమానం మొదలవుతుంది తప్ప, ఆ జరిగేదేమిటో చివరిదాకా తెలియదు. మనం ఇంటిని గోడలనూ గదులనూ బట్టి గుర్తుపడితే అవి ముఖ్యంగా వాసనను బట్టి గుర్తుపడతాయి. పిల్లి తలుపు అంచులకూ కుర్చీ కాళ్లకూ బుగ్గలు రుద్దుతూ తిరిగేది ఊరికే కాదు. బుగ్గల దగ్గరున్న గ్రంథుల నుంచి వెలువడే ఫెరోమోన్లను, అంటే వాసనతో సంకేతమిచ్చే రసాయనాలను, అక్కడ అంటించి, ఇది తనకు తెలిసిన చోటేనని గుర్తు పెట్టుకుంటుంది. కొత్త ఇంట్లో అలాంటి గుర్తు ఒక్కటీ ఉండదు సరికదా, కొత్తగా వేసిన రంగు, నేల కడిగిన మందు, అంతకుముందు అక్కడ తిరిగిన జంతువుల వాసన అన్నీ కలిసి దాన్ని కలవరపెడతాయి. అందువల్ల దాని వాసన దానితోపాటే, వీలైతే దానికన్నా ముందే కొత్త ఇంటికి చేరేలా చూడాలి; ఆ ఇంటిని దానికి ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా పరిచయం చేయాలి.

సామాను సర్దడానికి ముందు

అన్నిటికన్నా ముందు మొదలుపెట్టవలసినది క్యారియర్, అంటే జంతువును పెట్టి తీసుకువెళ్లే తలుపున్న పెట్టె, అలవాటు చేయడం. చాలా ఇళ్లలో క్యారియర్ అటక మీదో మంచం కిందో ఉండి, పశువైద్యుడి దగ్గరికి వెళ్లే రోజున మాత్రమే బయటికి వస్తుంది కాబట్టి దాన్ని చూడగానే పిల్లి పారిపోవడంలో ఆశ్చర్యం లేదు. ప్రయాణానికి కొన్ని వారాల ముందే దాన్ని పిల్లి రోజూ పడుకునే గదిలో, తలుపు తెరిచి ఉంచాలి. తలుపు ఊడదీయడానికి వీలుంటే మొదట్లో ఊడదీసి పెట్టడమే మంచిది. లోపల అది వాడుకునే గుడ్డ పరిచి, ఇష్టమైన తిండి నాలుగు పలుకులు మొదట గుమ్మం దగ్గర, రెండు మూడు రోజుల తరువాత మధ్యలో, ఆ తరువాత చిట్టచివర వేస్తూ పోవాలి. పిల్లి నాలుగు కాళ్లూ లోపల పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా తినడం మొదలుపెట్టిన తరువాతే తలుపు బిగించి, ఒక క్షణం మూసి తెరవాలి. అది లోపలే నిద్రపోయిన రోజున సగం పని అయినట్టే. పైకప్పు విడివడే క్యారియర్ అయితే, పిల్లిని పట్టి బయటికి లాగవలసిన అవసరం లేకుండా పై భాగాన్ని తీసేయవచ్చు.

దాని పరుపును, దుప్పటిని, గోళ్లతో గీరే చెక్కను శుభ్రం చేసి కొత్త ఇంటికి తీసుకువెళ్లాలన్న కోరిక సహజమే గాని దాన్ని అణచుకోవాలి. ఉతకని పాత గుడ్డే ఆ రోజుల్లో దానికి పెద్ద ధైర్యం. మెత్తని నూలుగుడ్డతో పిల్లి బుగ్గలను నెమ్మదిగా తుడిచి, ఆ గుడ్డను కొత్త ఇంటి తలుపు అంచులకూ గోడ మూలలకూ సరిగ్గా పిల్లి తల ఎత్తులో రుద్దితే దాని గుర్తులు కొన్ని ముందే అక్కడికి చేరతాయి. ఇదే పనికోసం కృత్రిమ ఫెరోమోన్లను వెదజల్లే డిఫ్యూజర్లు, పిల్లులకు ఫెలివే, కుక్కలకు అడాప్టిల్ వంటి పేర్లతో దొరుకుతున్నాయి. వాటి మీద జరిగిన పరిశోధనల ఫలితాలు ఒకేలా లేవు; హాని లేదు కనుక వాడి చూడవచ్చు గాని, మిగిలిన జాగ్రత్తలకు అవి ప్రత్యామ్నాయం కావు.

అట్టపెట్టెలను చివరి రెండు రోజుల్లో కుప్పగా తెచ్చిపడేయకుండా ముందునుంచే ఒక్కొక్కటి తెచ్చి పెడితే వాటిని వాసన చూసి, ఎక్కి దిగి, జంతువులు అలవాటు పడతాయి. జంతువు తిండి గిన్నె, నీళ్ల గిన్నె, లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాలకు వాడే ఇసుక వంటి పొడి పోసిన పళ్లెం), పడక ఉన్న మూలను అన్నిటికన్నా చివర సర్దాలి. గుర్తింపు కోసం చర్మం కింద పెట్టించిన మైక్రోచిప్ ఉంటే ఆ 15 అంకెల సంఖ్యతో నమోదైన చిరునామా, ఫోన్ నంబరు వెంటనే మార్పించాలి; చిప్‌లో ఉండేది సంఖ్య మాత్రమే, వివరాలు రిజిస్ట్రీలో ఉంటాయి కాబట్టి అక్కడ మార్చకపోతే తప్పిపోయిన జంతువు పాత ఇంటి చిరునామాకే దారి చూపిస్తుంది. మెడపట్టీకి కొత్త నంబరు రాసిన బిళ్ల కట్టడం అంతకన్నా చిన్న పని, అంతే అవసరమైన పని.

కొత్త ఇంటిని కూడా జంతువు కంటితో ఒకసారి చూసి రావాలి. పాత నివాసులు మూలల్లో వదిలిన ఎలుకల మందు, వల లేని బాల్కనీ, వదులుగా ఉన్న కిటికీ జాలీ, వాషింగ్ మెషీన్ వెనుక పిల్లి దూరగల సందు, పెరట్లో లిల్లీ మొక్కలు, ఇవన్నీ సామాను దిగకముందే తేల్చుకోవలసినవి. అసలైన లిల్లీ జాతి మొక్కల పుప్పొడి ఒంటి మీద పడి, పిల్లి దాన్ని నాకినా మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ప్రయాణం రోజు

తెరిచి ఉన్న వీధి తలుపు, వచ్చిపోయే కొత్త మనుషులు, బరువైన వస్తువుల చప్పుడు: జంతువులు తప్పిపోవడానికి ఇంతకన్నా అనువైన సమయం ఉండదు. అందుకని ఆ రోజు ఉదయమే ఒక గదిని ముందుగా ఖాళీ చేసి, జంతువును నీళ్లతో, పడకతో, లిట్టర్ ట్రేతో అందులో ఉంచి తలుపు మూసి, 'తెరవవద్దు' అని పెద్ద అక్షరాలతో రాసిన కాగితం అంటించాలి. కూలీలకు నోటిమాటగా చెప్పడం చాలదు. చెప్పిన మనిషి ఒకరు, తలుపు తీసే మనిషి మరొకరు అవుతారు. కుక్కను ఆ ఒక్క రోజుకు దానికి బాగా తెలిసిన వారి ఇంట్లో ఉంచగలిగితే అంతకు మించిన ఏర్పాటు లేదు. పాత ఇంటి నుంచి అందరికన్నా చివర, కొత్త ఇంట్లోకి సామానంతా దిగి తలుపులు మూసిన తరువాత జంతువును తీసుకురావాలి.

బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందు నుంచి కుక్కకూ పిల్లికీ కడుపునిండా పెట్టకపోతే వాంతి అయ్యే అవకాశం తగ్గుతుంది. క్యారియర్‌ను సీటు మీద ఊరికే పెట్టకుండా బెల్టుతో బిగించాలి లేదా ముందు సీటు వెనుక నేల మీద కదలకుండా ఇరికించాలి; పైన పలుచని గుడ్డ కప్పి, గాలి ఆడేలా ఒక పక్క వదిలేయాలి. దారిలో పిల్లి ఎంత అరిచినా క్యారియర్ తలుపు తెరవకూడదు. ఆగి ఉన్న కారులో జంతువును వదిలి వెళ్లడం ఏ కారణంతోనూ చేయరాని పని: ఎండలో పది నిమిషాల్లోనే లోపలి వేడి దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది, కిటికీ కొద్దిగా దించినా పెద్ద తేడా ఉండదు.

మత్తుమందు ఇస్తే పోతుంది కదా అని చాలామంది అడుగుతారు. ఒకప్పుడు విరివిగా ఇచ్చిన ఎసిప్రొమజైన్ వంటి మందు శరీరాన్ని మందగింపజేస్తుందే గాని భయాన్ని తీసివేయదు; పైకి నిమ్మళంగా కనిపించే జంతువు లోపల బెదురుతూనే ఉండవచ్చు. ప్రయాణమంటే విపరీతంగా భయపడే వాటికి గాబాపెంటిన్ వంటి మందులను పశువైద్యులు మోతాదు లెక్కగట్టి ఇస్తారు. అయితే దాన్ని ఒక మామూలు రోజున ముందుగా ఇచ్చి చూసి, ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. ఇంట్లో ఉన్న మనుషుల మందును మాత్రం ఇవ్వకూడదు. పారాసెటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు. కొన్ని ద్రవ మందుల్లో తీపికోసం కలిపే జైలిటాల్ కుక్కలకు విషం.

మొదటి రోజులు

కొత్త ఇంట్లో పిల్లికి మొదట ఒక్క గదే ఇల్లు. ఆ గదిలో ఒక చివర తిండి, నీళ్లు, వేరే చివర లిట్టర్ ట్రే, మధ్యలో దాక్కోవడానికి ఒక అట్టపెట్టె, వీలైతే ఎత్తున కూర్చునే చోటు ఏర్పాటు చేసి, క్యారియర్‌ను నేల మీద పెట్టి తలుపు తెరిచి, మనం పక్కకు తప్పుకోవాలి. కొన్ని వెంటనే బయటికి వచ్చి గోడ వెంబడి పొట్ట నేలకు ఆనించి నడుస్తాయి. కొన్ని గంటల తరబడి లోపలే ఉంటాయి. మంచం కింద దూరిన పిల్లిని లాగి ఒడిలో పెట్టుకుని బుజ్జగించడం మనకు ఊరటగాని దానికి కాదు. గదిలో నేల మీద కూర్చుని ఏదైనా చదువుకుంటూ ఉంటే అదే వచ్చి మోకాలిని వాసన చూస్తుంది. తినడం, ట్రే వాడడం, తోక ఎత్తి నడవడం మామూలుగా జరుగుతున్నాయంటే రెండో గది తలుపు తెరవవచ్చు. దీనికి కొన్నిటికి రెండు రోజులు, కొన్నిటికి రెండు వారాలు పడుతుంది. ఈ సమయంలో తిండి రకాన్నీ లిట్టర్ రకాన్నీ మార్చకూడదు.

రెండు విషయాల్లో మాత్రం ఓపిక పట్టకూడదు. ఒక రోజంతా ఏమీ తినని పిల్లిని, ముఖ్యంగా లావుగా ఉన్నదాన్ని, పశువైద్యుడికి చూపించాలి. ఉపవాసం కొనసాగితే కాలేయంలో కొవ్వు పేరుకుపోయే ప్రమాదకరమైన జబ్బు వస్తుంది. మగపిల్లి మాటిమాటికీ ట్రేలోకి వెళ్లి ముక్కుతూ, మూత్రం రాకపోతే అది మరింత అత్యవసరం. మూత్రనాళం మూసుకుపోతే గంటలు లెక్కపెట్టుకోవలసి ఉంటుంది.

కుక్క సంగతి వేరు. దానికి ఇంటికన్నా మనుషులూ వేళలూ ముఖ్యం. పాత ఇంట్లో ఏ వేళకు తిండి, ఏ వేళకు నడక ఉండేవో మొదటి రోజునుంచే అవే వేళలు పాటించాలి. లోపలికి తీసుకురావడానికి ముందు చుట్టుపక్కల కాసేపు తిప్పి, అలసిన తరువాత, గొలుసు పట్టుకునే గది గదీ చూపించాలి. మాటిమాటికీ ఆవలించడం, పెదవులు నాక్కోవడం, తోక ముడవడం, వేడి లేకపోయినా రొప్పడం బెదురుకు గుర్తులు. అప్పుడు పరిచయాలు ఆపి, దాని పరుపు దగ్గరికి తీసుకుపోవాలి. తొలి దినాల్లోనే ఎనిమిది గంటలు ఒంటరిగా వదిలేస్తే, అంతకుముందు లేని అరుపులూ తలుపు గీరడమూ మొదలు కావచ్చు. కాబట్టి ముందు ఐదు నిమిషాలు, తరువాత పావుగంట, అరగంట చొప్పున పెంచుకుపోవాలి.

కుందేళ్లను ప్రయాణానికి ముందు పస్తు ఉంచకూడదు. వాటి పేగులు నిరంతరం కదులుతూ ఉండాలి కనుక దారి పొడుగునా ఎండుగడ్డి అందుబాటులో ఉంచాలి. పక్షుల ఊపిరితిత్తులు చాలా సున్నితం. రంగు వాసన పోని ఇంట్లోకి, మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ వచ్చే వంటగది పక్కకు వాటిని తేకూడదు. చేపల తొట్టిని నీళ్లతో ఎత్తితే అద్దం అతుకులు వదులుతాయి. ఒక రోజు ముందు నుంచి మేత ఆపి, చేపలను పాత నీటిలోనే సంచుల్లో తీసుకువెళ్లి, ఫిల్టరు లోపలి స్పాంజిని ఎండనివ్వకుండా అదే నీటిలో ముంచి ఉంచాలి. నీటిని శుభ్రపరిచే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఆ స్పాంజిలోనే.

బయట తిరిగే అలవాటున్న పిల్లిని కనీసం మూడు నాలుగు వారాలు కొత్త ఇంటి లోపలే ఉంచాలి. తొలిసారి భోజనానికి కాస్త ముందు, ఆకలిగా ఉన్నప్పుడు, తలుపు తెరిచే ఉంచి కొద్దిసేపు వదిలి, గిన్నె చప్పుడు చేసి వెనక్కి పిలవాలి. పాత ఇల్లు దగ్గరలోనే ఉంటే అది అక్కడికే తిరిగి వెళ్లవచ్చు. అందుకని అక్కడ కొత్తగా చేరినవారికి పిల్లి ఫొటో, మన ఫోన్ నంబరు ఇచ్చి, అది వస్తే తిండి పెట్టకుండా, దగ్గరికి తీయకుండా వెంటనే కబురు చేయమని కోరాలి.