ఆర్జినిన్ పొడి కొనే ముందు

కావలిలో నా మందుల షాపుకి ఆర్జినిన్ (ప్రోటీన్లలో ఉండే ఒక అమైనో ఆమ్లం) సాచెట్ల కోసం రెండు రకాల వాళ్లొస్తారు. డాక్టరు చీటీతో వచ్చే గర్భిణుల ఇంటివాళ్లు ఒకరకం, "అన్నా, తాగితే కండలొస్తాయంట గదా" అంటూ వచ్చే జిమ్ కుర్రాళ్లు ఇంకోరకం. చీటీ ఉంటే మారు మాట్లాడకుండా ఇస్తాను. లేకపోతే ముందు తిండి సంగతి చెబుతాను.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల ఒళ్లు ఆర్జినిన్‌ను కొంత తానే తయారుచేసుకుంటుంది. చిన్నపేగు నుంచి వచ్చిన సిట్రులిన్ అనే ఇంకో అమైనో ఆమ్లాన్ని కిడ్నీలు ఆర్జినిన్‌గా మారుస్తాయి. పసిపిల్లలకూ, ఒళ్లు బాగా కాలినవాళ్లకూ అది చాలదు.

తిండిలో నేను మొదట చెప్పేది శెనక్కాయలు. 100 గ్రాముల పప్పులో సుమారు 3 గ్రాముల ఆర్జినిన్ ఉంటుంది. సాయంత్రం ఓ గుప్పెడు వేయించుకుని తింటే దాదాపు గ్రాము అందినట్టే. నువ్వుల్లోనూ బాగా ఉంటుంది, కాబట్టి చిమ్మిలి చేసుకోండి, బెల్లం మాత్రం చూసి వేయండి. ఇక మన చెరువుల రొయ్యలు ఉండనే ఉన్నాయి. మన కండల్లో అప్పటికప్పుడు శక్తినిచ్చే క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే పదార్థం చేసే పనిని రొయ్య కండల్లో ఆర్జినిన్ ఫాస్ఫేట్ చేస్తుంది. పట్టబోతే తోక విదిల్చి చటుక్కున వెనక్కి ఎగురుతుందే, ఆ ఊపుకి శక్తి దాన్నుంచే. పుచ్చకాయలో ఆర్జినిన్ కంటే సిట్రులిన్ ఎక్కువ. ఎర్ర గుజ్జు కింద తెల్లభాగంలోనూ ఉంటుంది, పారేయకుండా పప్పులో వేసుకోవచ్చు.

ఒంట్లో దీనికి రెండు పెద్ద పనులున్నాయి. కాలేయంలో అమ్మోనియాను యూరియాగా మార్చి బయటికి పంపే చక్రంలో ఇదొక మెట్టు. క్రెబ్స్, హెన్సెలైట్ అనే శాస్త్రవేత్తలు 1932లో ఆ చక్రాన్ని వివరించారు. రెండోది, దీన్నుంచి నైట్రిక్ ఆక్సైడ్ పుట్టి రక్తనాళాలు వదులవుతాయి. ఆ వాయువు మీద పనికే 1998లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. జిమ్ డబ్బాల మీద ప్రచారమంతా ఈ రెండో పని చూపించే. కండ వచ్చేది మాత్రం బరువులెత్తి, సరిగ్గా తింటేనే.

రక్తనాళాలు వదులైతే బీపీ కూడా తగ్గుతుంది. అందుకే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, గుండెనొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునేవాళ్లు సొంతంగా ఈ పొడి వాడొద్దు. గుండెపోటు వచ్చినవాళ్లయితే అసలే వద్దు. 2006లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో గుండెపోటు తర్వాత ఆర్జినిన్ ఇచ్చినవాళ్లలో ఆరుగురు చనిపోయారు, ఉత్త మాత్రలు ఇచ్చినవాళ్లలో ఒక్కరూ పోలేదు. అధ్యయనాన్నే మధ్యలో ఆపేశారు. కిడ్నీ జబ్బున్నవాళ్లు కూడా డాక్టర్ని అడగాల్సిందే.

డాక్టరు రాస్తే, సాచెట్‌ని గ్లాసు నీళ్లలో పూర్తిగా కరిగేదాకా తిప్పి తాగండి. కడుపు ఉబ్బరించినా విరేచనాలైనా రాసిన డాక్టరుకి చెప్పండి. షుగర్ ఉంటే ప్యాకెట్ వెనక చక్కెర ఉందేమో చదివాకే చింపండి.