రీకాల్ అయిన వారంటుతో కూడా అరెస్టు చేస్తారు: ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారంటు) సమస్య - పరిష్కారం

"స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది సార్, నా మీద వారంటు ఉందట." ఇలా ఫోన్ చేసిన ప్రతివాళ్లనూ నేను ముందు అడిగేది ఒకటే: కేసుల వివరాలు చూపించే ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబర్ (ఒక్కో కేసుకు ఉండే ప్రత్యేక నంబర్) కొట్టి చూశారా? ఎవరూ చూడరు. బంధువులందరికీ ఫోన్లు చేశాక నాకు చేస్తారు. రెండు నిమిషాల పని అది. చూశాకే కింది వాటిలో మీది ఏదో తేలుతుంది.

సమన్లే రాలేదు, నేరుగా వారంటు

పాత అడ్రసుకు వెళ్లి తిరిగొచ్చి ఉంటాయి. సమన్లు టైముకు అందాయని రుజువై, సరైన కారణం లేకుండా రాకపోతే వారంటు ఇవ్వొచ్చని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 90 చెబుతుంది. పరారయ్యారనో, సమన్లు పంపినా రారనో కోర్టు నమ్మితే ముందే ఇవ్వొచ్చు, కానీ కారణాలు రాయాలి. ముందు సమన్లు, తర్వాత బెయిలబుల్ వారంటు, ఆ తర్వాతే నాన్ బెయిలబుల్ అన్న వరుసను సుప్రీంకోర్టు 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో చెప్పింది. కాబట్టి ఫైల్లో సమన్లు తిరిగొచ్చాయని రాసిన ఎండార్స్‌మెంట్ ఉందేమో చూసి, వారంటు రద్దు చేయమని కోరే రీకాల్ పిటిషన్‌లో మొదటి మాటగా అదే రాయించండి.

బెయిల్ మీద ఉన్నాను, ఒక్క వాయిదా తప్పింది

ఆ రోజు మీ గైర్హాజరును మన్నించమని కోరే ఆబ్సెంట్ పిటిషన్ పడలేదన్నమాట. దాని సెక్షన్ ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 355 అయినా కోర్టులో ఇంకా పాత సీఆర్‌పీసీ నంబరుతో "317 వేశారా" అనే అడుగుతారు. బాండు రాసిచ్చి రాకపోతే సెక్షన్ 92 కింద వారంటు ఇవ్వొచ్చు, మళ్లీ సమన్ల దాకా వెళ్లక్కర్లేదు. పోలీసులు వచ్చేదాకా ఆగకుండా పొద్దున్నే వకీలుతో మీరే కోర్టులో హాజరై రీకాల్ పిటిషన్ వేయండి. జామీనుదార్లకు ముందే చెప్పండి, వాళ్లకూ నోటీసు రావచ్చు.

రీకాల్ అయింది, అయినా పట్టుకెళ్లారు

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఓ చెక్ బౌన్స్ కేసులో గురువారం రీకాల్ అయింది. "ఇక టెన్షన్ లేదు, వెళ్లండి" అన్నాను. శనివారం సాయంత్రం పోలీసులు వారంటు కాగితం పట్టుకుని ఆయన ఇంటికొచ్చారు. రీకాల్ అయినట్టు చూపించడానికి ఆయన చేతిలో ఏమీ లేదు, మర్నాడు కోర్టు సెలవు. తప్పు నాది.

వారంటుకు గడువు ఉండదు. కోర్టు రద్దు చేసేదాకానో, అమలయ్యేదాకానో బతికే ఉంటుంది (సెక్షన్ 72). జడ్జిగారు రద్దు చేసినా, స్టేషన్‌లో ఉన్న కాగితానికి ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కదా. అది కోర్టు నుంచి వెళ్లే రీకాల్ మెమోతోనే జరుగుతుంది. అది కోర్టు కానిస్టేబుల్ చేతికి చేరిందా అని బెంచ్ క్లర్కును అడగండి. అసలు తిరకాసు ఇంకోటి ఉంది: మెమో ఏ స్టేషన్‌కు? పోలీసు కేసైతే ఎఫ్ఐఆర్ ఉన్న స్టేషన్ అనుకోవచ్చు. చెక్ కేసు నేరుగా కోర్టులో వేసే ప్రైవేటు కంప్లెయింట్, దానికి ఎఫ్ఐఆరే ఉండదు. కేసు కరీంనగర్లో, మనిషి కూకట్‌పల్లిలో ఉంటే వారంటు కూకట్‌పల్లికి వెళ్లి ఉంటుంది. మెమో కూడా అక్కడికే వెళ్లాలి.

ఆర్డర్ వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. అది చేతికొచ్చాక జిరాక్స్ జేబులో ఉంచుకుని స్టేషన్‌కు వెళ్లి, వారంటు కోర్టుకు తిప్పి పంపారో లేదో కనుక్కోండి. ఖర్చులు కట్టాలనో, కొత్త జామీన్లు ఇవ్వాలనో షరతు ఉంటే, అది తీరేదాకా రీకాల్ అయినట్టు కాదు.

ఒకే పేరున్న ఇంకొకరి వారంటు మీ ఇంటికి రావడం అరుదు. ఆధార్, తండ్రి పేరు చూపిస్తే తేలుతుంది. పరారీలో ఉన్నారని కోర్టు ఇచ్చే సెక్షన్ 84 ప్రకటన, ఆస్తి జప్తు దాకా వచ్చిందంటే ఇది చదవడం ఆపి వకీలు దగ్గరికి వెళ్లండి.